లేజీ ఐకి ఏడేళ్ళ గడువు ఎవరు పెట్టారు?

బెంగళూరు తెలుగువాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం సారాంశం ఇది: "లేజీ ఐ, అంటే ఒక కన్ను మందగించిన పిల్లలకు చిన్నప్పుడే అద్దాలు పెడితే కన్ను ఇంకా సోమరిదవుతుంది. ఏడేళ్ళు దాటితే మెదడు బిగుసుకుపోతుంది, ఏం చేసినా దండగ. ప్యాచ్ రోజంతా కట్టాల్సిందే." (ప్యాచ్ అంటే మందగించిన కంటికి పని చెప్పడానికి మంచి కంటిని మూసే పట్టీ.) ముందు వద్దు, తర్వాత దండగ. మరి ఎప్పుడు చేయించాలో మాత్రం రాయలేదు.

అద్దాల మాట పూర్తిగా తలకిందులు. మెదడు వెనుక భాగంలో, చూపును అందుకునే పొరలో, రెండు కళ్ళ నుంచి వచ్చే సంకేతాలు ఒకే నాడీకణాల కోసం పోటీ పడతాయి. స్పష్టమైన బొమ్మ పంపే కంటి సైనాప్స్‌లు (నాడీకణాల మధ్య అతుకులు) బలపడతాయి, మసక కంటివి సన్నగిల్లుతాయి. 1963లో శాస్త్రవేత్తలు హ్యూబెల్, వీజెల్ పిల్లికూనల ఒక కంటి రెప్ప కుట్టేసి చూపింది ఈ పోటీనే. 1981లో నోబెల్ అందుకున్నారు. కళ్ళ మధ్య పవర్ తేడా ఉన్న బిడ్డకు అద్దాలు ఆపితే ఓడే కన్ను రోజూ ఓడుతూనే ఉంటుంది. కొందరికైతే అద్దాలే సరిపోతాయి, ప్యాచ్ అక్కరే రాదు.

ఏడేళ్ళ గడువులో కొంత నిజం ఉంది. వయసుతోపాటు మెదడులో తోటి కణాల జోరు తగ్గించే నాడీకణాలు పరిపక్వమై, వాటి చుట్టూ ప్రోటీన్లు, చక్కెరల వల అల్లుకుంటుంది. అది బ్రేకు లాంటిది, తాళం కాదు. 2002లో ఎదిగిన ఎలుకల్లో ఆ వలను ఎంజైముతో కరిగిస్తే మెదడుకు మార్పు చెందే గుణం తిరిగొచ్చింది. పిల్లల సంగతికొస్తే, 2005లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 7–12 ఏళ్ళవారికి అద్దాలతోపాటు ప్యాచ్, మంచి కంటిని మసకబరిచే అట్రోపిన్ చుక్కలు వాడితే 53 శాతం మందికి చార్టులో రెండు వరుసలో అంతకుమించో మెరుగైంది. అద్దాలతోనే ఉన్నవారిలో 25 శాతానికే. 13–17 ఏళ్ళలో మొత్తంగా తేడా కనబడలేదు గానీ, అంతకుముందు వైద్యమే అందనివారిలో వైద్యంతో 47 శాతానికి, అద్దాలతోనే 20 శాతానికి మెరుగైంది. పుట్టుకతో ఒక కంట శుక్లం ఉంటే మాత్రం ఏళ్ళ లెక్క పనికిరాదు, ఆరు వారాల్లోపు తీయించడం మేలు.

ఇక ప్యాచ్. మందగించిన కంటి చూపు 6/12 నుంచి 6/24 మధ్య, అంటే ఓ మోస్తరుగా తగ్గి ఉన్న, ఏడేళ్ళలోపు పిల్లల్లో రోజుకు రెండు గంటలు కట్టినా ఆరు గంటలు కట్టినా నాలుగు నెలలకు ఫలితం ఒకటే. మారతహళ్ళి స్కూలు బస్సులో తోటి పిల్లల ముందు కట్టనక్కర్లేదు, సాయంత్రం హోంవర్క్ వేళ చాలు. అతిగా కడితే మంచి కంటి చూపే తగ్గొచ్చు, అందుకే డాక్టరు చెప్పిన తేదీకి చెకప్ తప్పకూడదు. నెలలు గడిచినా మార్పు లేకపోతే ముందు ప్యాచ్ అంచులు చూడండి: అద్దానికి తొడిగే గుడ్డ ప్యాచ్ పక్కసందు నుంచి పిల్లలు మంచి కంటితోనే చూసేస్తుంటారు. చర్మానికి అంటుకునే రకమైతే ఆ సందు ఉండదు.