బొటనవేలి డ్యూటీ

మా బండికి ఇంజిన్ ముందు చిన్న రేడియేటర్ లాంటిదొకటి ఉంటుంది. ఆయిల్ కూలర్. ఇంజిన్‌లో వేడెక్కిన ఆయిల్ ఒక పైపులోంచి అందులోకి వెళ్లి, గాలికి చల్లబడి, రెండో పైపులోంచి వెనక్కి రావాలి. నెల రోజులుగా అందులో కొంత నా ప్యాంటు మీదికి వస్తోంది.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, ఏసీ గదిలో కుర్రాడు బండి మొహం కూడా చూడకుండా, "పైపులూ కూలరూ మొత్తం అసెంబ్లీ మార్చాలి సార్. ఏడు వేల చిల్లర. పార్టు రావడానికి రెండు వారాలు" అన్నాడు. జాయింట్ దగ్గర వాషర్ పోయిందేమో, అదొక్కటీ మార్చకూడదా అన్నాను. "వాషర్ విడిగా రాదు సార్." పంట్లో పిప్పి అంటే దవడ మార్చాలన్నట్టుంది. పైగా అడగని వాటర్ వాష్‌కి బిల్లేసి పంపాడు.

ఆ మంటతోనే ఆదివారం పొద్దున్న సెల్లార్‌లో స్పానర్ పట్టాను. వీడియో చూశాను కదా. కింది పైపు దగ్గరే తడి ఎక్కువుంది కాబట్టి కింది బోల్టే దొంగ అని తేల్చేశాను. దాన్ని బాంజో బోల్ట్ అంటారు. మధ్యలో బోలుగా ఉంటుంది, ఆయిల్ దాని కడుపులోంచే వెళ్తుంది. ఇంత తెలిసినవాణ్ణి, అది ఊడదీస్తే ఆ ఆయిల్ ఎటు పోతుందో మాత్రం ఆలోచించలేదు.

అసోసియేషన్ వాళ్లు మొన్ననే వేయించిన టైల్స్ మీదికి సర్రున కారింది. వీడియోలో ఆయన కింద ట్రే పెట్టుకున్నాడు. నా దగ్గరున్నది నిన్నటి పేపరు. ఏం తోచక కుడిచేతి బొటనవేలితో కన్నం మూసేశాను. ఎడమచేత్తో ఊడిన పైపు కొస పైకెత్తి పట్టుకున్నాను. ఆగింది.

ఇక కదలడానికి లేదు. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, వాటికి బోలెడంత సిబ్బంది. నా గేటుకి నేనొక్కణ్ణే. ముందు చక్రం పక్కనుంచి చెయ్యి దూర్చి, గొంతుక్కూర్చుని, చూసేవాళ్లకి బండి నాడి పట్టుకున్న ఆచారిగారిలా ఉన్నాను. వాచ్‌మన్‌ని కేకేసి బేసిన్ తెమ్మన్నాను. "అట్టాగే సార్" అని వెళ్లాడు. మళ్లీ సాయంత్రమే కనిపించాడు. చొక్కా జేబులో ఫోన్ మూడుసార్లు మోగి ఆగింది. ఒక దోమ నా చెవి దగ్గర కాపురం పెట్టింది. సైకిల్ తొక్కుకుంటూ రెండో ఫ్లోర్ పిల్లాడు వచ్చాడు.

"ఏం చేస్తున్నారంకుల్?"

"బండి రిపేరు."

కాసేపు చూశాడు. "మరి చెయ్యట్లేదుగా?"

వాడు పోతే సెక్రటరీగారు దిగారు. "ఖాళీగానే ఉన్నారుగా?" అంటూ పక్క స్కూటర్ మీద సెటిలయ్యారు. పారిపోలేని మనిషి దొరకడం ఆయనకి ఇదే మొదటిసారి అనుకుంటాను. లిఫ్టు కాంట్రాక్టుతో మొదలుపెట్టి, బోరు మోటారు మీదుగా, మూడు నెలల నా మెయింటెనెన్స్ బాకీ దాకా వచ్చారు. నేను ఊఁ కొడుతున్నాను. మోకాళ్లు నావి కావన్నట్టున్నాయి. ఆయన కాలి కింద ఆయిల్ మరక ఉంది. చూసుకోలేదు. నేనూ చెప్పలేదు.

ఇడ్లీలు చల్లారిపోతున్నాయని మా ఆవిడ దిగొచ్చి, నా అవతారం చూసి, ఏమీ అడక్కుండా ఆటోనగర్ మెకానిక్‌కి ఫోన్ చేసింది. అతను వచ్చేసరికి మొత్తం నలభై నిమిషాలు.

"వేలు తియ్యండి సార్."

"తీస్తే కారిపోతుందయ్యా!"

"తియ్యండి."

తీశాను. గుక్కెడు కారింది. ఆగిపోయింది.

"కూలర్లో ఉండేదే టీ గ్లాసుడు సార్. మిగతాది ఇంజిన్ అడుగునే ఉంటది. ఇంజిన్ ఆడితేనే పైకొచ్చేది."

సెక్రటరీగారు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అతను బోల్టు బిగించి, పెట్రోల్ గుడ్డతో అంతా తుడిచి, తగ్గిన ఆయిల్ పోసి, మా ఆవిడనడిగి పౌడర్ డబ్బా తెప్పించాడు. పైపుల నిండా మొహానికి కొట్టినట్టు కొట్టి స్టార్ట్ చేశాడు. రెండు నిమిషాలకి పై జాయింట్ దగ్గర పౌడర్ తడిసింది. అక్కడ పుట్టి కిందికి జారుతోందన్నమాట. నేను కాపలా కాసిన కన్నానికి ఏ పాపమూ తెలియదు.

ఇంజిన్ ఆపి, జేబులోంచి రెండు రాగి వాషర్లు తీశాడు. విడిగానే ఉన్నాయి. వాషర్లు నలభై, కూలి రెండొందలు.

చెయ్యి కడుక్కుంటుంటే మళ్లీ ఫోన్. సర్వీస్ సెంటర్ అమ్మాయి. ఇందాకటి మూడు కాల్సూ వాళ్లవే. "మొన్నటి మా సర్వీస్‌కి పదికి ఎన్ని మార్కులిస్తారు సార్? పదే ఇవ్వండి సార్, తొమ్మిదిచ్చినా మాకు సున్నా కిందే లెక్క."

"అయితే సున్నాయే..." అనబోయాను.

"థ్యాంక్యూ సార్, పది వేసుకున్నాను" అని పెట్టేసింది.