పటం ముందు పెట్టి అభిప్రాయం అడగండి

నగరంలో ఎక్కడ ఏం కట్టొచ్చో తేల్చే చెన్నై మూడో మాస్టర్ ప్లాన్‌పై జనం మాట వింటే చిత్తడి నేలలు బతుకుతాయని ఒక వ్యాసంలో చదివాను. నిజమే, కానీ అడిగే పద్ధతి సరిగ్గా ఉండాలి. 2008లో వచ్చిన రెండో ప్లాన్ గడువు 2026తో అయిపోతుంది. ఇప్పుడు గీసే గీతలు మళ్లీ 20 ఏళ్లు మన నెత్తిన ఉంటాయి.

మేం ఉండేది దక్షిణ చెన్నైలోని వేళచ్చేరిలో. తెలుగువాళ్లం ఇక్కడ చాలామందిమే. దక్షిణ చెన్నై చెరువుల్లో పొంగిన నీళ్లు పళ్లికరణై చిత్తడిలో చేరి, ఒక్కియం మడువు అనే నీటి పాయ మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. ఆ దారి ఇరుకైతే నీళ్లు మన గుమ్మాల్లోకే వస్తాయి. 2022లో పళ్లికరణైకి అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, చాలా సంతోషించాం. కానీ దాని చుట్టుపక్కల ఎక్కడ ఏం కట్టొచ్చో తేల్చడంలో ఈ ప్లాన్‌దే పెద్ద పాత్ర.

అందుకే ప్రతి వార్డు ఆఫీసులో సర్వే నంబర్లతో సహా పెద్ద పటం గోడకు అంటించాలి. మా పక్కింటి పెద్దావిడకు వెబ్‌సైట్లో పీడీఎఫ్ తెరవడం రాదు. 2015 వరదల్లో నీళ్లు ముందు ఏ సందులోంచి వచ్చాయో మాత్రం ఆవిడ వేలు పెట్టి చూపించగలరు. అలా చూపించే వీలు కల్పించండి. రాసిచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఒప్పుకున్నారా లేదా, ఎందుకు అన్నది కాగితం మీద జవాబివ్వండి.