క్యూఐ అని పేరు పెడితే ఎథిక్స్ కమిటీ అక్కర్లేదా?

మెడికల్ పీజీ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మీ ప్రాజెక్టుకు క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ అని పేరు పెట్టండి, ఎథిక్స్ కమిటీ గొడవ ఉండదు. కొత్త మందేం కాదు, చూసేది రికార్డులే, పేపర్ వేయకపోతే అది రీసెర్చే కాదు. కమిటీ జోలికి వెళ్తే అమెరికాలోని మిచిగన్‌లో లాగా మంచి పని కూడా ఆగిపోతుంది" అని. క్యూఐ అంటే క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్, వైద్య సేవల నాణ్యత పెంచే పని. రోగుల మీద చేసే పరిశోధనలను ముందే చూసి అనుమతించే ఒక ఎథిక్స్ కమిటీలో నేను కొన్నేళ్లుగా సభ్యురాలిని. ఈ మెసేజ్ చూసి ఊరుకోలేకపోయాను.

"పేరు పెడితే చాలు"

మొన్నామధ్య మా ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. అట్ట మీద క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ అనే ఉంది. మూడో పేజీలో అసలు సంగతి: సిజేరియన్‌కు ముందు, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు బేసి అయితే ఒక యాంటీసెప్టిక్, సరి అయితే ఇంకొకటి. ఎవరి కుట్లు చీము పట్టాయో నెల రోజులు చూస్తారు. ఆ తల్లికి ఏది వాడాలో ఆమె ఒంటిని బట్టి కాకుండా నంబరును బట్టి తేలుతోంది. ఇది పరిశోధనే. ఆమెకు చెప్పాలి, వద్దనే అవకాశం ఇవ్వాలి.

అదే లేబర్ రూములో ఇంకో పని చూడండి. చేతులు కడుక్కోవాలని అందరికీ తెలుసు. ఎంతమంది కడుక్కుంటున్నారో ఒక వారం లెక్క రాశారు. మధ్యాహ్నానికి సింకు దగ్గర సబ్బు అయిపోతోందని తేలింది. సబ్బు చూసుకునే పని ఒక స్టాఫ్ నర్సుకు అప్పగించి, మళ్లీ వారం లెక్క రాశారు. ఇది నాణ్యత పెంచే పని. కేంద్రం 2017లో తెచ్చిన లక్ష్య కార్యక్రమం ప్రసూతి గదుల్లో చేయమనేది ఇలాంటివే. తెలిసిన మంచిని మన వార్డులో సరిగ్గా అమలు చేస్తున్నామా, తెలియని సంగతిని రోగుల మీద పరీక్షించి తెలుసుకుంటున్నామా? ముందు ఇది అడగాలి.

"కొత్త మందేం కాదు"

ఖమ్మం గుర్తుందా? 2009లో ఆ జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. అప్పటికే దేశంలో అనుమతి ఉన్న టీకాయే. పాథ్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ఆ పనికి పెట్టిన పేరు 'డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు'. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు, ఆ మాటా చెప్పాలి. కానీ సమ్మతి పత్రాల లెక్క చదివితే కడుపు తరుక్కుపోతుంది: 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. కన్నవాళ్లు కాదు. పేర్లు మార్చి నిబంధనలు తప్పించుకున్నారని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

"పేపర్ వేయకపోతే రీసెర్చ్ కాదు"

రోగికి రిస్కు వచ్చేది మందు వేసిన రోజున, పేపర్ అచ్చయిన రోజున కాదు. క్యూఐ పనులూ జర్నళ్లలో వస్తూనే ఉంటాయి. ప్రచురణ దీనికి కొలబద్ద కాదు.

"చూసేది రికార్డులే"

ఇందులో సగం నిజం ఉంది. ఆసుపత్రి లోపలి క్వాలిటీ ఆడిట్లకు, రోగి ఎవరో తెలిసే వివరాలు లేకపోతే, రివ్యూ నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ ఆ మినహాయింపు ఇవ్వాల్సింది కమిటీ. మనకు మనమే ఇచ్చుకునేది కాదు. హెచ్ఐవీ అనో అబార్షన్ అనో రాసి ఉన్న కేస్ షీట్‌ను సొంత ఫోన్‌లో ఫొటో తీసుకునేవాళ్లను నేను చూశాను. అది బయటికి పొక్కితే ఆ రోగి కాపురం ఏమవుతుంది?

"మిచిగన్‌లో ఆగిపోయింది"

ఆగిన మాట నిజం. జాన్స్ హాప్కిన్స్ డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ బృందం మిచిగన్‌లో వందకు పైగా ఐసీయూల్లో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఇన్‌ఫెక్షన్లు తగ్గించడానికి ఐదు అంశాల పద్ధతి పెట్టింది: చేతులు కడగడం, రోగిని పూర్తిగా కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, తొడ దగ్గర లైన్ వేయకపోవడం, అక్కర్లేని లైన్ తీసేయడం. మూడు నెలల్లో, 1,000 లైన్ రోజులకు (ఒక రోగికి ఒక రోజు లైన్ ఉంటే ఒక లైన్ రోజు) మధ్యస్థంగా 2.7 ఉన్న ఇన్‌ఫెక్షన్లు సున్నాకు వచ్చాయి. 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత ఎవరో ఫిర్యాదు చేస్తే, దీనికి సరైన రివ్యూ జరగలేదని 2007లో పరిశోధనల్లో పాల్గొనేవారి రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ కార్యాలయం అంది. దాంతో పని ఆగింది. జనం మండిపడ్డారు. మండిపడటంలో న్యాయం ఉంది.

అయితే మెసేజ్ వదిలేసిన ముక్క ఒకటుంది. ఆ బృందం కమిటీ దగ్గరికి ముందే వెళ్లింది. మినహాయింపు ఇచ్చింది కమిటీయే, తప్పు అక్కడ పట్టారు. 2008 ఫిబ్రవరిలో అదే కార్యాలయం పని కొనసాగించవచ్చని చెప్పింది. మొదట్లో కూడా త్వరిత రివ్యూ సరిపోయేదని, రోగుల సమ్మతి నుంచి సడలింపు దొరికేదని ఒప్పుకుంది.

కాబట్టి ప్రాజెక్టు మొదలుపెట్టక ముందే ఒక్క పేజీ రాయండి: ఏం మారుస్తున్నారు, ఆ మార్పు మంచిదని ముందే తెలుసా, ఎవరికి ఏది అందాలో ఎలా నిర్ణయిస్తారు, రోగి వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి. దాన్ని ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీకి ఇచ్చి, జవాబు కాగితం మీద తీసుకోండి.