ముప్పై దాటాక ఎదగడం ఒంటరి పని కాదు

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను మన ఇళ్లలో పిల్లల పెంపకం గురించే వాడినా, దాని దెబ్బ ఎక్కువగా తగిలేది పెద్దవాళ్లకే. నలభై ఏళ్ల మనిషి కొత్తగా ఏదైనా నేర్చుకుంటాననో, కోపం తగ్గించుకుంటాననో అంటే ఇంట్లోవాళ్లు నవ్వి ఊరుకోవడానికి ఈ నమ్మకమే కారణం. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ సైతం ముప్పై ఏళ్లకల్లా చాలామంది స్వభావం గట్టిపడిపోతుందని 1890లో రాశాడు. తర్వాతి కాలంలో వేలాది మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు మాత్రం ఇందుకు భిన్నంగా తేల్చాయి. బాధ్యతగా నడుచుకునే గుణం, భావోద్వేగాల్లో నిలకడ ఇరవైల నుంచి నలభైల దాకా సగటున పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి పెద్దవాళ్లు మారగలరా అని వాదించుకోవడంలో ఇప్పుడు పస లేదు. వచ్చిన మార్పు కొందరిలో నిలిచి, కొందరిలో సంక్రాంతి దాటకుండానే ఎందుకు ఆవిరైపోతోందన్నదే ఆలోచించవలసిన విషయం.

వ్యక్తిత్వ వికాస వ్యాపారం దీనికి ఇచ్చే జవాబు సంకల్పబలం. ఇరవై ఒక్క రోజులు పట్టుబడితే ఏ అలవాటైనా అబ్బుతుందని శిక్షకులు వేదికల మీద చెబుతుంటారు. ఈ లెక్కకు మూలంగా చెప్పేది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. శస్త్రచికిత్స అయ్యాక రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారేకొద్దీ అందులోని ‘కనీసం’ జారిపోయింది, రోగులూ జారిపోయారు, అంకె ఒక్కటే మిగిలింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక చిన్న అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషినీ పనినీ బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని వారు అంచనా కట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అంతకుముందు చేసినదంతా వృథా కాలేదు. ఇరవై రెండో రోజున తనను తాను చేతకానివాడిగా తీర్మానించుకునే మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెబితే తర్వాతి శిక్షణ తరగతికి గిరాకీ ఉండదు.

పెద్దవయసులో వచ్చిన మార్పు ఎలా నిలుస్తుందో చూడటానికి లండన్ దాకా వెళ్లనక్కరలేదు, నెల్లూరు జిల్లా చాలు. 1990ల మొదట్లో అక్కడి పల్లెల్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టారు. వారికి ఇచ్చిన వాచకాల్లో సారా వల్ల కూలిపోయిన కాపురాల కథ ఉంది. దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి స్త్రీలు సారా అమ్మకాన్ని అడ్డుకోవడంతో రాజుకున్న ఉద్యమం చివరకు 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. ఇందులో అక్షరాల మహిమను ఎక్కువ చేసి చెప్పకూడదు. సారా బాధ పలక కంటే ముందునుంచే ఉంది. ఎవరి గడపలో వారు పడుతున్న ఆ బాధను పదిమందీ ఒకచోట కూర్చుని పంచుకునే వీలును మాత్రం రాత్రి తరగతి ఇచ్చింది.

ఆ తర్వాతి కథ నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. అదే నేల మీద రోజుకు రూపాయి చొప్పున దాచుకుంటూ మొదలైన పొదుపు సంఘాలు మాత్రం నిలిచాయి, డ్వాక్రా పేరుతో ఊరూరా పాకాయి. ఒక సంఘం సమావేశం చూస్తే కారణం కొంత అర్థమవుతుంది. చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. ఎవరి కిస్తీ ఎంత బాకీ ఉందో ఒకరు గట్టిగా చదువుతారు. తీర్మానాల పుస్తకం చేతులు మారుతుంది. వేలిముద్ర వేసే ఆమె పక్కనే సంతకం చేసే ఆమె ఉంటుంది. నేర్చిన నాలుగు అక్షరాలకు అక్కడ పని ఉంది, తప్పు చదివితే దిద్దేవాళ్లున్నారు, రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లున్నారు. ఈ మూడూ లేనిచోట వయోజన విద్యలో నేర్చిన అక్షరాలు మరుపున పడ్డాయని ఆ రంగంలో పనిచేసినవారందరికీ తెలుసు.

చదువు విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది అంబేడ్కర్ పేరుతో నడుస్తోంది. బడి మానేసినవారిని సైతం అర్హత పరీక్షతో డిగ్రీలో చేర్చుకున్న ఆ సంస్థ పుస్తకాలను మాత్రమే పంపి ఊరుకోలేదు, కాలేజీల్లో అధ్యయన కేంద్రాలు పెట్టి సెలవు రోజుల్లో తరగతులు నడిపింది. ఉద్యోగం చేసుకుంటూనో, పిల్లలను పెంచుకుంటూనో డిగ్రీ పూర్తిచేసినవారిని కదిపితే ఎక్కువగా ఆ ఆదివారాల గురించే మాట్లాడతారు. ఫోన్‌లో డబ్బు కట్టి కొన్న కోర్సులు మూడో పాఠం దగ్గర ఆగిపోవడానికి బద్ధకం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. వాటి కోసం ఎదురుచూసే మనిషి ఉండడు, వెళ్లవలసిన గది ఉండదు.

అయితే ఆ ఆదివారం గంటలు ఊరికే రావు. భర్త తరగతికి వెళ్తే ఇంటిపని ఆగదు, భార్య వెళ్తే ఆ పూట వంట ఎవరిదన్న పేచీ మొదలవుతుంది. స్త్రీల ఎదుగుదలకు అడ్డం పడేది చాలావరకు పట్టుదల లోపం కాదు, ఆ పూట వంట. ‘మీ కోసం మీరు రోజూ ఒక గంట కేటాయించుకోండి’ అనే సలహా ఆ గంట ఎవరి దగ్గర ఉందో అడగదు.

ప్రభుత్వాలు చేయగలిగినది కూడా ఇక్కడే ఉంది, దానికి కొత్త పథకం అక్కరలేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఇప్పటికీ వసూలవుతోంది. ఆ డబ్బుతో నడిచే గదులు చాలాచోట్ల పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండుతున్నాయి, అది మంచిదే. ఆ పన్ను కడుతున్న నడివయసు వారికోసం రాత్రి తొమ్మిది దాకా తలుపులు తెరిచి ఉంచి, వారానికి రెండు సాయంత్రాలు ఇంగ్లిష్‌కో కంప్యూటర్‌కో సంగీతానికో కేటాయించి, పక్క గదిలో పిల్లలు కూర్చునే ఏర్పాటు చేయడానికి కావలసింది ఒక ఉత్తర్వు, కొద్దిమంది సిబ్బంది. స్థానిక సంస్థలు తాము వసూలు చేసిన పన్నును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేస్తే ఆ జీతాలకు వేరే పద్దు వెతకవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.