ఫంగస్ అనకండి, క్యారెక్టర్ అనండి

మా చిన్నాయన బీరువా సర్దుతుంటే పట్టుచీరల అడుగున, నాఫ్తలీన్ గోలీల వాసన కొడుతూ, ఒక 50 ఎంఎం నికాన్ లెన్స్ బయటపడింది. రీలు కెమెరాల కాలంలో హన్మకొండ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆయన దాంతోనే తీశాడు. ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడు లాంటి సన్నటి పోగులు. కాజీపేటలో నాకో దోస్తు ఉన్నాడు, పాత లెన్సులంటే ప్రాణం. వాడికి చూపిస్తే కళ్లకద్దుకుని, "ఫంగస్ అంటారా మామా దాన్ని? క్యారెక్టర్ అనాలె" అన్నాడు.

అంతే, ఆ రోజు మాల వేసుకున్నాను. ఆటోఫోకస్ ముట్టను, కొత్త లెన్స్ పేరెత్తను.

ఈ దీక్షలో ముందు భాష నేర్చుకోవాలి. ఎదురెండ పడి ఫోటో మీద పాలు ఒలికినట్టు అయితే దాన్ని గ్లో అనాలి. అంచులు మసకబారితే డ్రీమీ. పచ్చకామెర్లు వచ్చినట్టుంటే వార్మ్ టోన్. నిజానికి కొన్ని పాత లెన్సుల గాజులో థోరియం కలిపేవారు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాజు పసుపెక్కుతుంది, రోజుల తరబడి ఎండలో పెడితే మళ్లీ తెల్లబడుతుంది. మావాడు దాబా మీద వాళ్లమ్మ ఆరబోసిన మామిడి ఒరుగుల పక్కనే లెన్స్‌ను కూడా ఎండబెట్టాడు. కాకులు రాకుండా కావలి మాత్రం ఒరుగులకే పెట్టారు.

మా అవ్వకు అప్పటికి రెండేళ్లుగా కంట్లో శుక్లం. వీధి దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయని, మనుషుల మొహాలు పొగలో ఉన్నట్టున్నాయని రోజూ గోల. ఇదే ఎఫెక్ట్ కోసం జనం వేలు పోస్తున్నారని చెప్తే తిట్టింది.

నికాన్ వాళ్లు 1959 నుంచీ ఎస్ఎల్ఆర్ కెమెరాలకు ఒకటే మౌంట్, అంటే లెన్స్ బిగించే చోటు, పెడుతూ వచ్చారు కాబట్టి చిన్నాయన లెన్స్ నా నికాన్ డి5300 కెమెరాకు టక్కున పట్టేసింది. (1977కు ముందు లెన్సులతో కాస్త జాగ్రత్త, కొన్ని కెమెరా బాడీల మీదుండే చిన్న మీటను విరగ్గొడతాయి.) పట్టిందే గానీ, నా కెమెరా ఆ లెన్స్‌ను గుర్తించనంది. వెలుతురు కొలవదు, ఫోకస్ చెయ్యదు. వ్యూఫైండర్ మూలన ఒక ఆకుపచ్చ చుక్క వెలిగినప్పుడు ఫోకస్ కుదిరినట్టు లెక్క. ఎక్స్‌పోజర్ అంటారా, నొక్కడం, వెనక స్క్రీన్ చూడడం, నాలుక కరుచుకోవడం, మళ్లీ నొక్కడం.

ఇదే సరంజామాతో మా మేనబావ పెళ్లికి వెళ్లాను. జీలకర్ర బెల్లం ముహూర్తం. ఎడమ చేత్తో రింగు తిప్పుతున్నాను, నెయ్యి రాసినట్టు మెత్తగా తిరుగుతోంది, ఆ సుఖం కొత్త ప్లాస్టిక్ లెన్సుల్లో లేదు, అబద్ధమెందుకు. చుక్క వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. ఈలోగా జీలకర్ర బెల్లం పెట్టడం అయిపోయింది, అడ్డుతెర దించేశారు, చుట్టాలు అక్షింతలు కూడా వేసేశారు. నాకు దక్కిన ఒకే ఒక్క షార్ప్ ఫోటోలో అయ్యగారి చెవి, దాని మీద మూడు వెంట్రుకలు, లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. వెనకాల పెళ్లికూతురు ఒక పసుపు రంగు మచ్చ.

నాతో ఓపిక పట్టింది ఒక్క వేయిస్తంభాల గుడి నందే. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడి దగ్గర లైవ్ వ్యూ పెట్టి, అంటే వెనక స్క్రీన్ మీదే చూస్తూ, నంది కన్నును జూమ్ చేసి, పావుగంట రింగు తిప్పినా నంది తల తిప్పలేదు. కాబట్టి పాత లెన్స్ ఫోటోగ్రాఫర్‌ను పెట్టుకునే పెళ్లివాళ్లు వధూవరులకు నెల ముందు నుంచే నంది దగ్గర శిక్షణ ఇప్పించాలని నా మనవి.

తరువాత హీలియోస్ అనే ఇంకో పాత లెన్స్ కొన్నాను. 58 ఎంఎం, రష్యాది, వెనకున్న చెట్ల ఆకులు బతుకమ్మ ఆడుతున్నట్టు గుండ్రంగా తిరుగుతాయని ప్రతీతి. దీని మౌంట్ వేరు కదా, అడాప్టర్ కావాలి. తెచ్చి బిగించి చూస్తే ఐదారడుగులు దాటినదల్లా మసక. ఎందుకంటే ఆ లెన్స్ ఫిల్ముకు 45.46 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, నికాన్‌లో మౌంటే 46.5 దూరంలో ఉంది. ఆ ఒక్క మిల్లీమీటరు, పైన అడాప్టర్ మందం కలిసి నాకూ రామప్ప గోపురానికీ మధ్య అడ్డం పడ్డాయి. ఈ తేడాను సరిచేసేలా మధ్యలో గాజుముక్క ఉన్న అడాప్టర్ దొరుకుతుంది, కానీ దానితో లెన్స్ పరువు పోతుందని మావాడు ఒప్పుకోలేదు. "కెనాన్ బాడీ కొను మామా, దాని దూరం 44, అన్నీ పడతయ్" అన్నాడు. లెన్స్ ఖర్చు మిగిలిందన్న ధైర్యంతో సెకండ్ హ్యాండ్ బాడీ కొన్నాను. దూరం కుదిరింది. ఆకులు మాత్రం తిరగలేదు. ఆ తిరుగుడంతా ఫ్రేము అంచుల్లో ఉంటుందట, నా బాడీది చిన్న సెన్సర్, అది నడిమి ముక్క ఒక్కటే తీసుకుని అంచుల్ని వదిలేస్తుంది. అంటే బతుకమ్మ పేర్చి నడిమిట్ల పెట్టారు, ఆడేవాళ్లను గేటు బయటే ఆపేశారు.

ఇప్పుడు ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ ఉన్న బాడీ, కొనమంటున్నాడు మావాడు. డబ్బు ఆదా చేయడానికి మొదలుపెట్టిన పని కదా, మధ్యలో ఆపితే బాగుండదని ఇంట్లో చెప్పి చూశాను.

పోయిన నెల అవ్వకు ఆపరేషన్ అయింది. కంట్లో పాతది తీసేసి కొత్త లెన్స్ పెట్టారు. ఇంటికొచ్చాక పెళ్లి ఫోటోలు చూపించాను. ఫోన్ దూరం పెట్టి, దగ్గర పెట్టి, అద్దాలు తుడుచుకుని చూసి, "ఏంది కొడుకా, పెళ్లంత పొగల జరిగిందా?" అంది.

"పొగ కాదవ్వా, అది క్యారెక్టర్."

"అగో, నా కంట్ల గూడ గదే ఉండె. డాక్టరు తీసేసిండు."