సవరణ: ఆదివారం ఆరాధన మీద నా పోస్టు గురించి

మొన్న "ఆరాధన జనాన్ని ఆకట్టుకోవడానికి కాదు" అని రాస్తే, డ్రమ్స్, కీబోర్డు వద్దంటున్నానని చాలామంది అనుకున్నారు, అందుకే ఈ వివరణ. వాయిద్యాలతో నాకు పేచీ లేదు. కాలానికి తగ్గట్టు మారడం క్రైస్తవులకు కొత్త కాదు, 1963లో కేథలిక్ బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ తమ ఆరాధనలో లాటిన్‌తో పాటు ప్రజల భాషలకూ చోటిచ్చింది. నా బాధ వేరు. ఇక్కడ బెంగళూరులో మా తెలుగు ఆరాధనకు వారమంతా ఆఫీసు టెన్షన్‌తో నలిగిపోయిన పిల్లలు వస్తారు, లైట్లు ఆర్పేసి వేదిక మీదే వెలుగు పెడితే వాళ్లు పాడటం మానేసి ఫోన్లో వీడియో తీస్తున్నారు, పక్కన పాటల పుస్తకం పట్టుకున్న పెద్దావిడకు అక్షరాలే కనపడటం లేదు. అందరూ కలిసి దేవుణ్ణి స్తుతించాలి, బైబిలు వాక్యం వినాలి, ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడంలో, పాలుపొందాలి, ఆరాధన దానికే. అందుకని పోస్టులో "జనాన్ని ఆకట్టుకోవడానికి కాదు" అన్న మాటను "ఆరాధన ప్రదర్శన కాదు" అని మార్చాను, మిగతాదంతా అలాగే ఉంచాను.