‘ఇంటర్నేషనల్’ బోర్డు వెనక ఏ బోర్డు?

తిరుపతి ఏఐఆర్ బైపాస్ రోడ్డు మొదలు ఇటు రేణిగుంట, అటు చంద్రగిరి మీదుగా చిత్తూరు దాకా బడి పేరు చివర ‘ఇంటర్నేషనల్’ అని తగిలించుకోవడం మామూలైపోయింది. గేటు దాటి లోపలికెళ్లి అడిగితే కొన్నిచోట్ల చెప్పేది సీబీఎస్‌ఈ, కొన్నిచోట్ల స్టేట్ సిలబస్. ఆ సిలబస్‌లను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఒక పేరు చూపించి ఫీజు కట్టించుకుని, మరో చదువు చెప్పడమే అభ్యంతరం. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీకి దేశదేశాల్లో పేరుంది. అక్కడ పిల్లలు రాసేది మన దేశపు బోర్డు పది, పన్నెండు తరగతులకు పెట్టే ఐసీఎస్‌ఈ, ఐఎస్‌సీ పరీక్షలే. బడి పేరులో మాత్రం ‘ఇంటర్నేషనల్’ కనిపించదు.

మన దగ్గర అంతర్జాతీయ చదువు అంటే ప్రధానంగా రెండు: 1968లో జెనీవాలో మొదలైన ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియెట్), ఇంగ్లండ్ నుంచి నడిచే కేంబ్రిడ్జి. రెండింటి వెబ్‌సైట్లలోనూ బడుల జాబితా ఉంటుంది. పది నిమిషాల్లో చూసుకోవచ్చు. కేంబ్రిడ్జి బడికి ‘ఐఎన్’తో మొదలయ్యే సెంటర్ నంబరు ఉంటుంది. ఐబీలో ‘క్యాండిడేట్ స్కూల్’ అంటే దరఖాస్తు దశలో ఉన్నదని అర్థం, అనుమతి వచ్చినట్టు కాదు. బ్రోషర్‌లో ఈ మాట చిన్న అక్షరాల్లో ఉంటే పెద్దగా చదువుకోవాలి. అనుమతి కూడా ఒక్కో ప్రోగ్రాముకు వేరు. ప్రైమరీకి వచ్చినంత మాత్రాన పదకొండు, పన్నెండు తరగతుల డిప్లొమాకు వచ్చినట్టు కాదు.

ఇక మార్కులు. ఐబీ మిడిల్ ఇయర్స్‌లో (సుమారుగా ఆరు నుంచి పది తరగతులు) ప్రతి సబ్జెక్టునూ ఎ, బి, సి, డి అనే నాలుగు అంశాల్లో, ఒక్కోదానికి 8 చొప్పున 32కు కొలుస్తారు. ఎనిమిదో తరగతి పిల్లాడు సైన్సులో 20 తెచ్చుకుంటే ఇంట్లో నాన్న 62 శాతం అని లెక్కగట్టి కేకలేస్తాడు. నిజానికి 19 నుంచి 23 దాకా వచ్చినవాళ్లకు గ్రేడు 5. గరిష్ఠం 7. ఆ పిల్లాడు బాగానే చదువుతున్నాడు. అదే కార్డులో చూడాల్సింది వేరే ఉంది: ఎ (విషయ పరిజ్ఞానం) 7 ఉండి, బి (ప్రయోగాన్ని రూపొందించడం) 3 దగ్గర ఆగిపోతే ఆ బడిలో ల్యాబు తలుపులు సరిగా తెరుచుకోవడం లేదేమోనని అనుమానించాలి. మొత్తం చూసి మురిసిపోయినా, మండిపడినా ఈ తేడా కంటపడదు.

డిప్లొమా దగ్గర లెక్క మారుతుంది. ఆరు సబ్జెక్టులకు ఒక్కోటి 7 చొప్పున 42, నాలుగు వేల పదాల పరిశోధనా వ్యాసానికి, జ్ఞాన సిద్ధాంతం (థియరీ ఆఫ్ నాలెడ్జ్) అనే కోర్సుకు కలిపి 3, వెరసి 45. పాస్ కావాలంటే కనీసం 24. అది ఒక్కటే చాలదు. లోతుగా చదివే మూడు హయ్యర్ లెవెల్ సబ్జెక్టుల్లో కలిపి 12 రావాలి, ఎక్కడా గ్రేడు 1 ఉండకూడదు, వ్యాసంలోగానీ జ్ఞాన సిద్ధాంతంలోగానీ అట్టడుగు గ్రేడు ‘ఇ’ పడితే మిగతావి ఎన్ని వచ్చినా డిప్లొమా రాదు. హయ్యర్ లెవెల్ సైన్సుకు 240 గంటల బోధనలో 60 గంటలు ప్రయోగాలకే. పైగా టీచరు వేసిన ఇంటర్నల్ మార్కుల నమూనాలను ఐబీ తెప్పించుకుని సరిచూస్తుంది. ఉదారంగా వేసి ఉంటే మార్కులు తగ్గిస్తుంది. ఆ కోత నమూనా పంపిన పిల్లలకే కాదు, ఆ సబ్జెక్టు రాసిన అందరికీ తగులుతుంది.

‘నూటికి నూరు శాతం’ హోర్డింగుల కిటుకూ ఇక్కడే ఉంది. పదకొండో తరగతిలో పన్నెండు మంది చేరారనుకుందాం. ముగ్గురు ఏడాది తిరగకుండా ఇంటర్‌కు మారారు. మరో ఇద్దరిని పూర్తి డిప్లొమాకు కాకుండా విడివిడి కోర్సులకు రిజిస్టరు చేశారు. మిగిలిన ఏడుగురూ పాసైతే హోర్డింగు మీద వంద శాతమే!

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు సబ్జెక్టుల ఎంపికలో జరుగుతోంది. మామూలు ఐబీ డిప్లొమాలో రెండు సైన్సులే కుదురుతాయి. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలి. మూడూ చదవాలంటే సామాజిక శాస్త్రాల గ్రూపును వదులుకోవడానికి పదకొండు మొదట్లోనే బడి ద్వారా ఐబీ అనుమతి తీసుకోవాలి. తర్వాత ఏడ్చి లాభం లేదు. మన ఊళ్లోనే ఉన్న సైన్సు విద్యా, పరిశోధనా సంస్థ ఐసర్‌కు రాసే ప్రవేశ పరీక్షలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఒక్కోదాని నుంచి 15 చొప్పున 60 ప్రశ్నలు. ఇంజనీరింగ్ వైపు చూసేవాళ్లు లెక్కల్లో ‘అనాలిసిస్ అండ్ అప్రోచెస్’ హయ్యర్ లెవెల్ తీసుకోవాలి. తేలిగ్గా ఉందని రెండో లెక్కల కోర్సు ‘అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్’ పట్టుకుంటే విదేశాల్లోనూ కొన్ని ఇంజనీరింగ్ కోర్సుల తలుపులు మూసుకుంటాయి.

తేదీలూ అంతే ముఖ్యం. కేంబ్రిడ్జి భారతదేశం కోసమే పెట్టిన మార్చి పరీక్షల ఫలితాలు మే నెలలో వస్తాయి. మే, జూన్‌లలో రాస్తే ఆగస్టు దాకా ఆగాలి. అప్పటికి ఇక్కడి కౌన్సెలింగ్‌లు చాలావరకు ముగింపుకొస్తాయి. ఐబీ మే పరీక్షల ఫలితాలు జూలై మొదటి వారంలో వస్తాయి. పైగా ఐబీ శాతాలు ఇవ్వదు, గ్రేడు 5 అంటే 71 శాతం అని భాగహారం చేసుకోవడం కుదరదు. పన్నెండో తరగతి మార్కుల శాతం అడిగే సంస్థ ఈ పాయింట్లను ఎలా మారుస్తుందో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఈ చదువు మన పన్నెండో తరగతికి సమానమని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఇచ్చే ధ్రువపత్రానికీ సమయం పడుతుంది.

సంక్రాంతి దాటితే అడ్మిషన్ల హడావుడి మొదలవుతుంది. ఈలోగా తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యాశాఖాధికారులు చేయాల్సింది చిన్న పనే. ‘ఇంటర్నేషనల్’ పేరున్న ప్రతి బడీ ఏ బోర్డుకు అనుబంధమో, దాని నంబరేమిటో గేటు దగ్గర తెలుగులో రాసి పెట్టించాలి. పదకొండులో ఎందరు చేరారు, పరీక్ష ఎందరు రాశారు, సగటు పాయింట్లెన్ని, టీచర్లు వేసిన ముందస్తు అంచనాకూ వచ్చినదానికీ తేడా ఎంత అన్న నాలుగు అంకెలు మూడేళ్లవి దాని పక్కనే ఉండాలి. విద్యాహక్కు చట్టం కింద ఒకటో తరగతిలో ఇవ్వాల్సిన 25 శాతం సీట్లు ఐబీ బడులకూ వర్తిస్తాయి. వాటిలో ఎన్ని నిండాయో ఐదో అంకెగా అక్కడే రాయించాలి.